కారణం రాయని వరుస

దాలినాయుడు మాస్టారు పరమపదించారని నిన్న ఉదయం సిద్ధగోరాలోని మా ఇంటి నుంచి నాన్న ఫోను చేసి చెప్పారు. "ఎందుకు?" అన్నాను. "గుండె ఆగిపోనాదే," అన్నారు నాన్న. మనసు దాన్ని కారణంగా ఒప్పుకోలేదు.

కర్మాగారంలో కొలతల తనిఖీదారుగా చేసి పదవీ విరమణ పొందాక, మాస్టారు తమ ఇంటి వరండాలో మాకు రేఖాగణితం చెప్పేవారు. పేజీని నిలువుగా మడిపించేవారు. ఎడమవైపు మాట, కుడివైపు దానికి కారణం. ప్రతి వరుస చివరా మేము పొడి సంతకం పెట్టాలి, లెక్క మొత్తం కింద ఆయన పెట్టేవారు. తనిఖీ సంతకం లేని సరుకు గేటు దాటనట్టే, కారణం లేని వరుస దాటనిచ్చేవారు కాదు. బొమ్మ చూసి సమానమంటే మండిపడేవారు. "కంటికి కనిపించిందని సంతకం పెట్టకు. కారణం తెలీదా, ఖాళీ వదిలీ. అబద్ధం మాత్రం రాయకు." ఆ చాదస్తానికి అప్పట్లో నాకు ఒళ్లు మండేది, దాచుకోవడం దేనికి?

పదో తరగతి నమూనా పరీక్షలో నేను లెక్కల్లో తప్పాను. అసలు పరీక్షలోనూ తప్పితే చదువు మాన్పిస్తానని నాన్న ఖరాఖండిగా చెప్పేశారు.

లెక్కల పరీక్ష రోజున సాక్చిలోని కేంద్రం గేటు ముందు నాన్నతో కలిసి నిలబడి ఉంటే, మాస్టారు సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చారు.

"తల్లీ, మొన్న సెప్పిన లెక్క తప్పు. పైకోణాన్ని సగం సేసిన గీత అడుగు భుజాన్నీ సగం సేత్తే, పక్క భుజాలు రెండూ సమానమని రాసినాం సూడు, అదే. మనం తీసుకున్న కోణం ఆ గీతకీ అడుగు భుజం సగానికీ మజ్జిది కాదు. రెండు త్రిభుజాలూ సర్వసమానమని అనడానికి లేదు. తప్పు నాది."

నాన్నకు కోపం ముంచుకొచ్చింది. "ఇప్పుడేటి మాస్టారూ ఇది! పిల్ల బెదిరిపోతాది. ఆ లెక్క వత్తాదో రాదో!"

"వత్తేనో? దాని కింద నా సంతకం ఉందయ్యా!"

సరైన దారి చెప్పబోయేలోగా గంట కొట్టేశారు.

అదే లెక్క వచ్చింది. తప్పుడు ఉపపత్తి నాకు కంఠతా వచ్చు. దిద్దేవారు హడావిడిలో మార్కులు వేసేయవచ్చు, నా చదువు ఆ మార్కుల మీదే ఉంది. కలం సర్వసమానమనే వరుస దగ్గరికి వెళ్లి ఆగిపోయింది, మళ్లీ వెళ్లి మళ్లీ ఆగిపోయింది. మాస్టారిని మనసారా తిట్టుకున్నాను. చివరికి కుడివైపు ఖాళీగా వదిలి కాగితం ఇచ్చేశాను.

బయట మాస్టారు అక్కడే నిలబడి ఉన్నారు. "ఏటి రాసావమ్మా?"

"కారణ్ ఛోడ్ దియా, సర్," అన్నాను బడిలో అలవాటైన హిందీలో.

"వదిలీసావా?" సైకిలు సీటు పట్టుకుని తల దించుకున్నారు. "నా తప్పుకి నీ మార్కులు పోనాయి తల్లీ."

మాస్టారు కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ ఎండలోనే, సైకిలు క్యారియరు మీద నా పుస్తకం పెట్టి, ఆ గీతను అంతే పొడవున కిందికి పొడిగించి సరైన ఉపపత్తి రాయించారు. పాతదాని పక్కన "తప్పు నాది" అని రాసి సంతకం పెట్టారు.

నేను బొటాబొటిగా గట్టెక్కాను. ఇప్పుడు ఆదిత్యపూర్‌లోని చిన్న కార్ఖానాలో తనిఖీ సంతకాలు పెడుతున్నాను. తన పొరపాటు ఒప్పుకోవడానికి శిష్యురాలి దగ్గరికి పరుగెత్తుకొచ్చే అంతటి గురువు మాకు మళ్లీ దొరకరు. ఆ పుణ్యమూర్తికి నా సాష్టాంగ ప్రణామం.

ఈ ఉదయం ఆ పుస్తకం తీసి, మిగిలిన ఖాళీ పేజీని నిలువుగా మడిచాను. ఎడమవైపు "మాస్టారు లేరు" అని రాశాను. కుడివైపు ఖాళీగానే ఉంది. సంతకం పెట్టలేకపోయాను.