రెండో షిఫ్టు ఆమె

మా కామాటిపురా చాల్ ఇరుకు గదుల్లోంచి గోల్ఫ్ బంతుల ఫ్యాక్టరీకి వెళ్ళినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అది మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ పని ముచ్చట్లు చెప్పుకుందామంటే మనిషి లేదు.

మొన్న వర్లిలో బస్సెక్కితే, పక్కన నా ఈడు ఆమె సంచిలోంచి ఒక్కో నిమ్మకాయా తీసి, కళ్ళు మూసుకుని చెంప మీద మెల్లగా దొర్లించి చూసుకుంటోంది. నేను ఊరుకోలేకపోయాను. బంతి నడుమ అతుకు గీతను గరుకు కాగితంతో రుద్ది రుద్ది మా వేళ్ళు మొద్దుబారేవి. అందుకని నునుపు వచ్చిందో లేదో చెంపకు ఆనించే చూసేవాళ్ళం.

"బంతుల కంపెనీల చేసినవా అక్కా?" అన్నాను.

"ఎట్ల గుర్తువట్టినవ్?" అని ఆమె నవ్వింది. "నిమ్మకాయలకు ముద్దులిస్తున్నవా అని నా కోడలు ఎక్కిరిస్తది. నాది రెండో షిఫ్టు, కిటికీ కాడి బల్ల."

పొద్దుటి షిఫ్టులో ఆ బల్ల నాదే.

"స్టూలు కుంటిది గదా? కాలు కింద అట్టముక్క పెట్టింది నేనే."

"నువ్వేనా తల్లీ! ఎవరు పెట్టిండ్రో గానీ సల్లగుండాలె అనుకుంట కూసునేదాన్ని రోజూ."

ఇంకేదో అడగబోయేలోపే నాగ్‌పాడా వచ్చింది. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి, జనాన్ని తోసుకుంటూ దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఈ సంగతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెబితే బాగుంటుందా అని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి, వెళ్ళేటప్పుడు నేను వేసిన తాళం నేనే తీసుకుని లోపలికి వెళ్ళాను.