రోడ్డును మింగిన దాలమ్మ

బొంతలవలస దాలమ్మ ఒక రోడ్డును మింగేసింది. ఉప్పు కల్లు నంజుకోలేదు, మధ్యలో గుక్కెడు నీళ్లు తాగలేదు. నాలుగు ఫర్లాంగుల మట్టిరోడ్డును ఆ చివర మొదలుపెట్టి ఈ చివరిదాకా నమిలి మింగింది. నమ్మనివాళ్లు ఆమదాలవలసలో రైలు దిగి మా ఊరికి రోడ్డెక్కడని అడిగి చూడండి. పొలం గట్లు చూపిస్తారు.

మనిషిని చూస్తే అంత తిండి తినేదానిలా ఉండదు. ఎండిన చింతబరికె. తట్ట మోసి మోసి నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు మొలవడం మానేసింది. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఆ నిప్పుకు ఆమె నాలుక కాలదు. ఆమె నాలుకకే నిప్పు భయపడి చల్లారుతుందని మా ఊళ్లో నేనే చెబుతుంటాను. పన్నెండో ఏట పెళ్లి, పదమూడో ఏట నెత్తిన తట్ట. మొగుడు కూర్మయ్య పెళ్లయిన నాలుగేళ్లకు రంగం, అదే బర్మా, వెళ్లాడు, తిరిగి రాలేదు. ఎవరైనా అయ్యోపాపం అనబోతే ఊరుకోదు.

“నాకేటి దిగులు? ఆణ్ణి భరిత్తన్న రంగమోళ్లకుండాలి దిగులు” అంటుంది.

రైలుకు రెండో లైను పోసినప్పుడు ఆ మట్టి మోసింది. గొయ్యి చూస్తే ఎన్ని తట్టలో, గట్టు చూస్తే ఎన్ని రోజులో చెప్పేస్తుంది. అందుకని మా ఊరి మట్టిపని జట్టుకు ఆమే పెద్ద. ఆ పెద్దరికం ఎవరూ ఇవ్వలేదు, వద్దనే ధైర్యం ఎవరికీ లేదు.

అరవయ్యేడు వేసవి. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. చెరువులో పశువులకు నీళ్లు లేవు, పిల్లలు గోళీలాడుతున్నారు. అప్పుడు ప్రభుత్వానికి మా మీద దయ కలిగింది. ప్రభుత్వానికి దయ కలిగితే ముందు కాగితం పుడుతుంది. ఆ కాగితంలో ఏముందంటే, బొంతలవలస నుంచి పెద్దరోడ్డు దాకా అరమైలు రోడ్డుకు కరువు గ్రాంటు ఇచ్చాం, ఆ పని మనుషుల చేతులతోనే చేయించాలి, ఇంటికొకరిని పెట్టుకోవాలి, మిషన్లు పెట్టకూడదు, చేసిన పనికి అమెరికా గోధుమరవ్వ ఇవ్వాలి. బస్సు మొహం ఎరగని ఊరికి రోడ్డెందుకని ఎవరూ అడగలేదు. రవ్వ కోసమైతే మేము చందమామకు కూడా రోడ్డు వేసేవాళ్లం.

పని చేయించే పెత్తనం జగన్నాధానికి పోయింది. ఆయన ఊళ్లో పెద్ద రైతు. మట్టి అంటే ఆయనకు చెప్పుకు అంటుకునేది. పెత్తనం చేతికి రాగానే తెల్లచొక్కా జేబులో రెండు కలాలు పెట్టాడు. ఒకటి రాయదు, రెండోదానికి మూత రాదు.

అదే వారం ఒరిస్సా వైపు నుంచి ఒక మేస్త్రీ లారీ వేసుకుని వచ్చాడు. ఎక్కడో ఆనకట్ట పని, నలభై మంది కావాలన్నాడు. జనం మూటలు కట్టుకోబోయారు. దాలమ్మ లారీకి అడ్డంగా నిలబడింది.

“మా మట్టి మాకున్నాది. వానలు పడినదాకా ఈ రోడ్డు మాకు కూడెడతాది. నువ్వు నీ లారీ తోలుకుపో” అని మేస్త్రీతో అని, జనం వైపు తిరిగింది. “ఎవులైనా ఎక్కినారా, తిరిగొచ్చినాక నా గుమ్మం తొక్కొద్దు.”

ఆ మాట మీద నలభై ఇళ్లు ఆగిపోయాయి. లారీ ఖాళీగా పోయింది. మళ్లీ రాలేదు.

పని మొదలయ్యేలోపు శృంగవరపుకోట దగ్గర చెల్లెలి అత్తగారు పోతే దాలమ్మ కర్మకు వెళ్లింది. వారం తర్వాత తిరిగి వచ్చేసరికి ఊరి మొగలో రోడ్డు పోసి ఉంది. నాలుగు ఫర్లాంగులూ. దాని పక్కన బుల్డోజరు ఒకటి, మొహానికి పసుపు రాసుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని, కొత్తపెళ్లికూతురిలా నిలబడి ఉంది. జగన్నాధం ఎక్కడి నుంచో తెప్పించాడు. నలభై మందికి రెండు నెలల పని అది నాలుగు రోజుల్లో ఊడ్చేసింది. రవ్వ బస్తాలు మాత్రం ఆయన గాదెలో చల్లగా ఉన్నాయి.

అంతకన్నా సిగ్గుమాలిన సంగతి చెబుతాను. ఆ బొట్టు పెట్టింది జగన్నాధం కాదు, మావాళ్లే. కొత్త పార కొన్నా, కొత్త నాగలి కట్టినా పసుపు రాసి కొబ్బరికాయ కొట్టకపోతే మావాళ్ల చెయ్యి ఊరుకోదు. మిషను రాగానే కూర్మమ్మ హారతి పళ్లెంతో ఎదురెళ్లింది. కూర్మమ్మ దాలమ్మకు తోడికోడలు, జట్టులో ఆమె తర్వాతిది. తమ నోటికాడి గంజి లాక్కోవడానికి వచ్చినదానికి తామే దిష్టి తీసిన జనం ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండరు. ఆ గొప్ప మా ఊరిదే.

దాలమ్మ మిషను చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఈ యినపగేదికి బొట్టెవులు ఎట్టినారే?”

“మంచిదని నేనే ఎట్టినానప్పా” అంది కూర్మమ్మ.

“సీర కూడా ఎట్టకపోనావా? పాలిత్తాది, పితుక్కుని తాగుదురు.”

“రోడ్డు మనకే కదా అనుకున్నాం.”

“రోడ్డు నాకుతావేటే? జూను దాకా ఏటి తింతావు?”

కూర్మమ్మకు అప్పుడు తెలిసింది. మిగతావాళ్లకూ అప్పుడే తెలిసింది. మెల్లగా తెలిసే రకం. ఒక్కొక్కరూ దాలమ్మ వైపు చూశారు. లారీని వెనక్కి పంపింది ఆమె నోరే మరి. ఎవరైనా తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

ఆ మర్నాడే జగన్నాధం దాలమ్మకు కబురంపాడు. మిషను వెళ్లిపోయాక ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. రోడ్డుకు మట్టి తీయడానికి పక్కన మనుషులు తవ్విన గోతికీ మిషను తవ్విన గోతికీ తేడా చూడగానే తెలుస్తుంది. మనుషులు తవ్వితే గొయ్యి నడుమ గుమ్మటంలా ఒక మట్టిదిమ్మ వదిలేస్తారు. దాని తల మీద పాత గడ్డి అలాగే ఉంటుంది. ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మే సాక్షి. మిషనుకు సాక్షులు అక్కర్లేదు, నున్నగా గీరేసింది. పెద్ద ఇంజినీరు చూడటానికి ఏ రోజైనా రావచ్చు. వస్తే సాక్షిదిమ్మలేవని అడుగుతాడు.

“గోతికొక దిమ్మ కట్టించవే. తల మీద గడ్డి కూడా అతికించాలి” అన్నాడు జగన్నాధం.

“తవ్వేటప్పుడు వొగ్గేసేదాన్ని తవ్వినాక కట్టమంటారేటి బాబూ? పిల్ల పుట్టినాక పెళ్లి ముహూర్తం ఎట్టినట్టున్నాది.”

“నీ ఎకసెక్కాలు తరవాత. చేసినన్ని రోజులూ రవ్వ ఇస్తాను. నలభై మందినీ దింపు. ఆ ఇంజినీరు వచ్చేటప్పటికి తట్టలు తలల మీద ఉండాలి. ఒక్కటి కిందికి దిగినా ఊరుకోను.”

“మట్టి ఎక్కడిది పొయ్యమంటారు?”

“ఎక్కడిదైతే ఏంటే? మట్టి కూడా నేనే చూపించాలా? ఎక్కడో ఒకచోటిది తెచ్చి పొయ్యండి.”

దాలమ్మ చుట్టను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. “అలాగే బాబూ” అంది. ఆమె ఒక మనిషి మాటకు అలాగే అనడం మా ఊరు వినడం అదే మొదలు.

జగన్నాధం ఇంజినీరును మంచి చేసుకోవడానికి శ్రీకాకుళం వెళ్లి కూర్చున్నాడు. పని దగ్గర గుమస్తా ఎల్లాజీని పెట్టాడు. ఎల్లాజీకి చెప్పినవి రెండు: తట్టలు ఆగకూడదు, మట్టి గోతుల్లో పడాలి. ఎల్లాజీ తాటిచెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని ఆ రెండూ చూశాడు. మట్టి ఎక్కడి నుంచి వస్తోందో చూడమని ఎవరూ చెప్పలేదు. చెప్పని పని ఎల్లాజీ పుట్టిన దగ్గర నుంచి చేయలేదు.

మట్టి రోడ్డు నుంచి వస్తోంది. మిషను పోసిన మట్టి, దిమ్మిస కొట్టనిది, గునపం తాకితే జారిపోతుంది. మొదటి రోజుకు పది గోతుల్లో పది దిమ్మలు లేచాయి. రెండో రోజు ఆ దిమ్మలు లావెక్కాయి. మూడో రోజుకు పక్క గోతి దిమ్మలతో వియ్యమందాయి.

కూర్మమ్మ తట్టతోనే దగ్గరకొచ్చింది. “అప్పా, బాబుకి తెలిస్తే రవ్వ ఆపేత్తాడేమో.”

“దిమ్మలైపోతే ఎలాగూ ఆపేత్తాడు. మొయ్యవే.”

నాలుగో రోజు మధ్యాహ్నం ఎల్లాజీ లేచి వొళ్లు విరుచుకుని గోతుల దాకా వచ్చాడు.

“ఏటే దాలమ్మా, ఇంకా దిమ్మలేనా?”

“సన్నంగా కడితే కూలిపోవా? మీ బాబు పరువు కదా, లావుగా కడతన్నాం.”

“గొయ్యంతా దిమ్మే అయిపోనాది.”

“మరి సాచ్చికం గట్టిగా ఉండొద్దా?”

ఎల్లాజీ ఆలోచించాడు. ఆలోచన ఆయనకు పడదు. తిరిగి వెళ్లి పడుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్న జీపు వచ్చింది. ముందు సీట్లో పెద్ద ఇంజినీరు, వెనక జగన్నాధం, ఆయన జేబులో కలాలు. పెద్దరోడ్డు వైపు నుంచి మూడు ఫర్లాంగులు రోడ్డు మీదే వచ్చారు. ఆ దారి పొడుగునా జగన్నాధం ఊరిదాకా పని పూర్తయిపోయిందనీ, రాత్రనక పగలనక మనుషుల చేత చేయించాననీ చెబుతూనే ఉన్నాడట. నాలుగో ఫర్లాంగు మొదట్లో జీపు టక్కున ఆగింది. ముందు రోడ్డు లేదు. గోతులూ లేవు. నున్నటి బీడు, దాని మీద తట్టలెత్తుకుని నలభై మంది.

“పూర్తయిందన్నావు?” అన్నాడు ఇంజినీరు.

జగన్నాధం నోరు తెరిచాడు. మొన్నటిదాకా ఇక్కడ రోడ్డుండేది అనాలి. ఎవరు వేశారు అంటాడు. నలభై మంది వేశారు అంటే, వేసినవాళ్లే ఎందుకు తీస్తున్నారు అంటాడు. ఎటు తిరిగినా ఆ దారి చివర బుల్డోజరే ఉంది, బొట్టు పెట్టుకుని.

దాలమ్మ చుట్ట చేతిలోకి తీసుకుంది. “ఎక్కడ పూర్తైనాది బాబూ. ఈ ముక్క ఇంకా మొదలెట్టాల. మనుసుల్తో పని కదా, బేగి అవదు. మా జగన్నాధం బాబు దరమపెబువు. బేగి అయిపోతే మీరేటి తింతారే అని ఆపినాడు.”

ఇంజినీరు జగన్నాధాన్ని కొత్తగా చూశాడు. గ్రాంటు సారం అర్థమైనవాడు జిల్లాలో ఈయనొక్కడే అన్నాడు. రోడ్డు ఎప్పుడైనా వేసుకోవచ్చు, ముందు జనానికి పని ఉండాలి అన్నాడు. వానలు పడేదాకా ఈ నలభై మందిలో ఒక్కరిని తీసినా తానే వచ్చి కనుక్కుంటానని, పదిహేను రోజులకోసారి వస్తానని చెప్పి, జగన్నాధం చెయ్యి పట్టుకుని ఊపాడు. జగన్నాధం చెయ్యి ఎలా ఊపితే అలా ఊగింది.

అన్నట్టే పదిహేను రోజులకోసారి జీపు వచ్చింది. నాలుగో ఫర్లాంగు చేతులతో పోయడానికి మే నెల సగం పట్టింది. ఇక అసలు తమాషా. అది పూర్తయిన రోజు జీపు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది, చేయడానికి పని లేదు. జగన్నాధం ఎండలో గొడుగేసుకుని, సొంత కాళ్లతో దాలమ్మ దగ్గరకు నడిచి వచ్చాడు. అటు ఇటు చూశాడు.

“అవతలి చివర తవ్వండే” అన్నాడు.

“తవ్వి?”

“గోతుల్లో పొయ్యండి.”

“పోసి?”

“మళ్లీ తవ్వి రోడ్డు మీద పొయ్యండే” అని గొడుగు చాటున మొహం పెట్టుకున్నాడు.

అలా ఆ రోడ్డు ఆ వేసవిలో గోతిలోకీ గట్టు మీదకీ ఎన్నిసార్లు ప్రయాణం చేసిందో, రాజులు కూడా అన్ని ప్రయాణాలు చేసి ఉండరు. గాదెలో రవ్వ బస్తాలు ఒక్కొక్కటే కాళ్లొచ్చి బయటికి నడిచాయి. జూను రెండో వారంలో వాన పడింది. మూడో రోజుకు ఊరి పక్క గెడ్డవాగు పొంగి రోడ్డును మొత్తం ఊడ్చుకుపోయింది. దానికి దిష్టి తీయడానికి ఎవరూ రాలేదు, అందరూ నారు పోసుకుంటున్నారు.

ఇదంతా రాసి, చదువు మధ్యలో వదిలేసిన నా రాత ఎలా ఉందో చూడమని దాలమ్మకు చదివి వినిపించాను. చుట్ట అయిపోయేదాకా విన్నది.

“రోడ్డు మింగడమేటిరా. మట్టి ఎవులు తింతారు. గోదుమరవ్వ తిన్నాం. సగం బస్తాల్లో పురుగున్నాది, సెరుక్కుని తిన్నాం. ఆ మేస్త్రీ లారీ కాళీగా పోనేదు, ఇద్దరు ఎక్కి పోనారు, అది నువ్వు రాయనేదు.”