సొరుగులో సారు ఉత్తరం

మా తెలుగు సారు పోయారన్న కబురు పోయిన వారం ఆసుపత్రిలో నా బల్ల దగ్గరికే వచ్చింది. నగరి నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిందట. విన్నవాళ్లంతా అదృష్టవంతుడన్నారు. నాకు మాత్రం నా బల్ల సొరుగు వైపు చూసే ధైర్యం లేకపోయింది.

బడిలో మాకు అర్జీ రాయడం నేర్పింది ఆయనే. కాగితం అంచు మడిచి, బొటనవేలి గోటితో నొక్కి, ఆ తర్వాతే కలం తీసేవారు. "అర్జీలో ఏడవొద్దురా. జరిగింది రాయి, కావాల్సింది అడుగు, కింద సంతకం పెట్టు" అనేవారు. ఆ చదువుతోనే నేను ఈ ఆసుపత్రిలో గుమాస్తానయ్యాను.

నిరుడు అలాగే అంచు మడిచిన కాగితం ఒకటి తెచ్చి నాకిచ్చారు. షుగరు పరీక్షకు పరగడుపున రమ్మంటారు. ఎనిమిదికి తీయాల్సిన రక్తపరీక్ష గది పదికి గానీ తీయరు. తొలి బస్సుకు వచ్చిన ముసలివాళ్లు అంతసేపూ వట్టి కడుపుతో కూర్చోవాలి. అదీ ఫిర్యాదు. ఆ గది చూసేవాడు నా స్నేహితుడు. వాడి మీద కాగితం పైకి పంపడం ఇష్టంలేక, నేను పెద్ద తెలివి చూపించాను. వాణ్ణి ఫోన్ చేసి రప్పించి, సారు ఒక్కరినే పక్క తలుపు గుండా తీసుకెళ్లి రక్తం తీయించాను.

"మీ పని అయిపాయ కదా సార్. ఇంకా ఫిర్యాదు ఎందుకు?"

"నా పని కోసరం రాసినానా అప్పా? బయట కూర్చున్నోళ్ల సంగతేమి? పైకి పంపించు."

సరేనన్నాను. సొరుగులో పెట్టాను.

ఆ తర్వాత ఆయన ఏ నెలా పక్క తలుపు వైపు రాలేదు. అందరితో పాటు బయట బెంచీ మీదే కూర్చున్నారు. "ఏమాయ మన కాగితం?" అని అడిగితే, "విచారణలో ఉండాది సార్" అనేవాణ్ణి. తరగతిలో మా అబద్ధాలను ఇట్టే పట్టేసిన మనిషి దీన్ని నమ్మారు. పైగా, గొడవకు లేచినవాళ్లను కూర్చోబెట్టేవారు. "మనోడు లోపల ఉండాడు. సూస్తా ఉండారంట. ఓపిక పట్టండి" అనేవారు. నా పిరికితనానికి ఆయన పూచీ పడ్డారు. ఇది రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న పొద్దున ఆ ఉత్తరం తీసుకెళ్లి సూపరింటెండెంటుగారి చేతికిచ్చాను. బయటికి వస్తుంటే బెంచీ మీది ముసలామె ఒకావిడ పిలిచింది.

"సారు శిష్యుడివి నువ్వే గదప్పా? ఈ నెల ఆయన రాలేదే. జవాబేమన్నా వచ్చిందా?"

గది ఇంకా తీయలేదు. ఆమె ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బా మూత మీద రెండు చేతులూ పెట్టుకుని, నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.