నీలం రంగు కింద గాలి

జూన్‌లో, తెల్లవారుజామున అయిదు నలభైకి, సన్నటి వానలో, విశాఖ నౌకాశ్రయం వెనుక కొండ కింద ఉన్న ఇంధన నిల్వ కేంద్రం దగ్గర మా ఎనిమిది మందిని దింపారు. నాకది సొంత ఊళ్లోనే ఆరు నెలల డ్యూటీ. కూర్మన్నపాలెంలోని ఇంటికి వెళ్లడానికి మాత్రం సెలవు లేదు.

నేను సైన్యంలో మెకానిక్ హవల్దారును. నాకు అప్పగించింది ఒక పంపు. నాలుగు మీటర్ల లోతు వాల్వు గుంతలో ఊటనీరు, వాననీరు చేరేవి. ఇంధనపు ఆవిరి ఉన్నచోట విద్యుత్ మోటారు నడపకూడదు. అందుకే ఆ నీళ్లు తోడడానికి గాలితో నడిచే పంపు. కంప్రెసర్ నూట ఎనభై మీటర్ల దూరంలో ఉంది. అక్కడ పీడనం ఏడు కిలోలు. పంపు దగ్గర నాలుగుకు తగ్గితే అది ఆగిపోతుంది.

పంపు ఆపరేటరైన లాన్స్ నాయక్ ఇక్కడి జాలరి కుటుంబంవాడు. ఊరివాణ్నని నన్ను బావా అనేవాడు. షిఫ్టు మారే వేళ నౌకాశ్రయం క్రేన్లు ఆగగానే, కంప్రెసర్ నుంచి వచ్చే గాలి గొట్టం వెంట చెవి పెట్టి నడిచేవాడు. అతను ఆగిన చోట నేను సబ్బునీళ్లు పూసేవాణ్ని. బుడగ లేచేది.

"నీళ్లడుగున సేపల సద్దు ఇనేవోళ్లం బావా. ఈ గొట్టం ఓ లెక్కేటి?"

పదకొండు లీకులు తేలాయి. ఒక్కొక్కదానికి ఎర్రగుడ్డ కట్టి, కొత్త జాయింట్లకు ఇండెంటు పంపాం. జాయింట్లు రాలేదు. అక్టోబరులో తనిఖీ ఉందని కబురు వచ్చింది.

మా సుబేదార్ ఆ గుడ్డలు చూశాడు. "ఇదేంటయ్యా, జాతర తోరణమా? పీకెయ్యండి. గొట్టం పొడుగునా రంగు కొట్టండి."

తనిఖీకి ముందు కదలని ప్రతి వస్తువుకూ రంగు వేయడం మా ఆనవాయితీ. ఆకాశనీలం రెండు పూతలు వేశాం. ఆ పొర కింద లీకులు మూసుకున్నాయి. సబ్బునీళ్లకు ఒక్క బుడగా లేవలేదు. పరీక్ష ప్రకారం లాగ్‌బుక్కులో 'లీకులు లేవు' అని రాసి సంతకం చేశాను. రంగు గాలిని ఎంతకాలం ఆపగలదో నాకు తెలుసు.

రంగు వేసిన తొమ్మిదో రోజు, మధ్యాహ్నం రెండు పదికి, తుఫాను వానకు బయటి కాలువ పొంగి గుంతలోకి మళ్లింది. పంపు నీళ్లు పీల్చే చోట జాలీకి పట్టిన చెత్త తీయడానికి లాన్స్ నాయక్ దిగాడు. నేను కంప్రెసర్ దగ్గర ఉన్నాను. రేడియో పలికింది.

"బావా, పంపు ఆగిపోనాది. గాలికేటైంది?"

ఏడు చూపాల్సిన గేజీ మూడు చూపిస్తోంది.

"పైకొచ్చెయ్ రా!"

"కాలు జాలీలో ఇరుక్కుపోనాది. నానెక్కడికీ పోన్లే గానీ, నువ్వు గాలి సూడు."

ఇద్దరు సెంట్రీలు తాడు వేసి లాగుతున్నారు. నేను గొట్టం వెంట పరుగెత్తాను. వాన మోతలో గాలి చప్పుడు వినబడలేదు. గుర్తులు లేవు, గొట్టమంతా ఒకే నీలం. అరచేత్తో తడుముతూ నాలుగు లీకులు పట్టుకుని, రెయిన్‌కోటు చింపి బిగించాను. రెండు నలభై ఒకటికి పంపు మళ్లీ కొట్టింది. గుంత ఖాళీ అయ్యేసరికి మూడు దాటింది. అతని ప్రాణం అంతకుముందే పోయింది.

సిబ్బంది అజాగ్రత్త అని విచారణ తేల్చింది. పరికరంలో లోపం లేదనడానికి నా సంతకమే సాక్ష్యం. రంగు సంగతి నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

డిసెంబరులో బస్సెక్కి గంటలో ఇల్లు చేరాను. యుద్ధం చూశావా అని ఇరుగుపొరుగు ఇప్పటికీ అడుగుతుంటారు. లేదంటాను. పంపు మళ్లీ కొట్టిన క్షణాన గుంత అంచుకు పరుగెత్తి వెళ్లి నేను చూసింది ఒక చేయి. మోచేతి దాకా నీళ్లపైన నిటారుగా నిలిచి ఉంది. పిడికిట్లో రేడియో. సెట్టు తడవకూడదని మాకున్న ఆర్డరు.