టెగ్ లీస్ అనే రోడ్డు

2018లో నేను ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ దాటాక వచ్చే ఒక చిన్న కౌన్సిల్‌లో స్ట్రీట్ నేమింగ్ ఆఫీసర్‌ని. కొత్త ఎస్టేట్‌లలో రోడ్లకు పేర్లు ఖాయం చేయడం, ఇళ్ళకు నంబర్లివ్వడం నా పని. ఇలాంటి ఉద్యోగం ఒకటుందంటే మనవాళ్ళు నవ్వుతారు. కానీ ఆ పేరు పడనిదే ఇంటికి ఉత్తరం రాదు, అంబులెన్సు రాదు. గుండెనొప్పితో 999కి ఫోన్ చేసినవాడు ఒక్కసారి చెబితే అవతలివాళ్ళకు తెలిసిపోవాలి. మా నిబంధనల్లో మొదటిది అదే.

ఆ ఏడు ఊరి చివర గొర్రెలు మేసే నేలను దాని యజమాని ఒక డెవలపర్‌కు అమ్మేశాడు. రోడ్లకు డెవలపర్ సూచించినవన్నీ పువ్వుల పేర్లు. వాటిమీద అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పమని నోటీసు వేశాక ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఆర్థర్, ఆ నేలను తాతల నాటినుంచి కౌలుకు చేసుకుంటున్న పెద్దాయన. వెదర్ పీస్, బట్స్, బ్రాక్ హోల్, టెగ్ లీస్ అంటూ తన పొలాల పేర్లు రాసి, రోడ్లకు వీటిని పెట్టమని అడిగారు. అన్నీ పాత ఇంగ్లిషు మాటలు. మ్యాపులో ఆ పొలాలకు నంబర్లే ఉన్నాయి. 'ఈ పేర్లు నా నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. నేను పోతే ఇవీ పోతాయి' అని కింద రాశారు. నేను ఒక్క వాక్యంతో తిప్పికొట్టాను: పలకడానికి, రాయడానికి నివాసులకు ఇబ్బంది కనుక ఆమోదించలేము.

వారం తిరక్కుండా ఆయనే కౌంటర్ దగ్గరికొచ్చారు. బూట్లకు బురద, చేతిలో టోపీ.

"మీరేనా మిస్టర్ సు...బ్రహ్మణ్యం?"

ఆఫీసులో నా పేరు అలా ఎవరూ పిలిచి ఎరగరు. చేరిన మొదటిరోజే, ఎవరూ అడక్కుండానే, 'సామ్ అనండి చాలు' అని చెప్పేసినవాణ్ణి. ఉత్తరాల కింద పూర్తి పేరు కంప్యూటర్ వేసుకునేది.

"సామ్ అంటే చాలండీ."

"అబ్బే. మీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పని. ఈపాటికి మా కుక్కకు కూడా వచ్చేసి ఉంటుంది. సరిగ్గా అన్నానా?"

"చాలా బాగా అన్నారు."

"నా పొలాల పేర్లు దీనికంటే చిన్నవి" అన్నారు, నవ్వుతూనే.

నిజానికి నోటీసు గడువు ఇంకా మిగిలే ఉంది. కానీ ఆ ఫైలు తిరిగి తెరవాలంటే ఫైర్ సర్వీస్‌కు, పోస్టువాళ్ళకు, డెవలపర్‌కు మళ్ళీ రాయాలి. ఆ ఉత్తరాన్ని సరిగా చదవకుండానే కొట్టేశానని మా మేనేజర్‌కు తెలిసిపోతుంది. "క్షమించండి, గడువు దాటిపోయింది" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూసి, "సరే, మిస్టర్ సుబ్రహ్మణ్యం" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. పువ్వుల పేర్లతో బోర్డులు లేచాయి. ఆ రోడ్డున కారులో వెళ్ళవలసివస్తే నేను చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి.

మరుసటి ఏడాది అదే ఎస్టేట్‌కు ఫేజ్ టూ వచ్చింది. అందులో పేరు పెట్టాల్సింది ఒకే ఒక్క చిన్న రోడ్డు. ఈసారి నేనే ఆర్థర్ గారింటికి వెళ్ళాను. టౌనులో చిన్న ఫ్లాట్‌కు మారడానికి సామాన్లు కట్టుకుంటున్నారు. అడగ్గానే కర్ర అందుకుని, కంచె వెంబడి నడిపిస్తూ చూపించారు. ఖస్సీ చేసిన పొట్టేలును వెదర్ అంటారట. బ్రాక్ అంటే బ్యాడ్జర్, రాత్రిపూట గట్లు తవ్వే చారల మొహం జంతువు. బట్స్ దగ్గర కాసేపు ఆగారు. రాజుల యుద్ధాల కోసం ఊళ్ళో మగవాళ్ళంతా అక్కడి మట్టిదిబ్బలకు గురిపెట్టి బాణాలు వేసేవారట.

"మా తాతగారికీ ఒక నక్కలదిబ్బ చేను ఉండేది" అన్నాను. అది ఏ వైపున ఉండేదో మాత్రం చెప్పలేకపోయాను. ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

తిరిగి వస్తుంటే ఆపుకోలేక చెప్పేశాను. "ఆరోజు గడువు దాటలేదండీ."

"తెలుసు. నోటీసు అంటించింది మా గేటు పక్క స్తంభానికే. తారీఖు రోజూ చూస్తూనే ఉన్నాను."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"మీ మొహం ఇటుకలా ఎర్రబడిపోయింది. గొర్రె వెల్లకిలా పడిపోతే దానంతటది లేవలేదు. దగ్గర నిలబడి అరిస్తే ఇంకా బెదురుతుంది. లేపడానికి చెయ్యి వెయ్యాలి, లేదా ఊరుకోవాలి. ఆరోజు నాకు ఊరుకోవడమే చేతనైంది."

ఏ పేరు పెట్టమంటారని అడిగాను. బట్స్ అంటారనుకున్నాను, చరిత్ర ఉన్న పేరు కదా. ఆయన ఆలోచించకుండానే టెగ్ లీస్ అన్నారు. తల్లినుంచి విడదీశాక, ఇంకా ఒక్కసారీ ఉన్ని కత్తిరించని గొర్రె టెగ్. లీస్ అంటే పచ్చిక.

"గాలి తగలని పొలం అదొక్కటే. తల్లి లేకుండా గడిపే మొదటి చలికాలం వాటినక్కడే ఉంచేవాళ్ళం. ఆ ఒక్క చలికాలం దాటిస్తే చాలు, ఇక ఫరవాలేదు."

ఈసారి కారణాలన్నీ రాసి, నా పాత వాక్యం తప్పని కూడా రాసి, మేనేజర్ దగ్గర సంతకం తీసుకున్నాను. ఆవిడ ఒక కనుబొమ్మ ఎత్తింది, అంతే.

ఆ రోడ్డులో ఒక ఇంట్లోకి, చలికాలం మొదట్లో కరీంనగర్‌నుంచి వచ్చిన కొత్త జంట దిగింది. మా ఇంట్లో ఒక పుట్టినరోజు పార్టీలో ఆ అమ్మాయి కలిసి, నా ఉద్యోగం తెలియగానే పట్టుకుంది.

"గా పేరు మీరే పెట్టిన్రా అంకుల్? ఎవలకు చెప్పినా మళ్ల చెప్పు అంటరు. అసలు టెగ్ అంటే ఏంది?"

చెప్పాను. చలికాలం సంగతీ చెప్పాను. మా హాల్లో హీటర్ పక్కన, శాలువా కప్పుకునే నిలబడింది. పకపకా నవ్వి, భర్తను కేకేసింది. "ఇగో ఇంటున్నవా? మనం రాకముందే మన పేరు పెట్టిన్రు!"

ఆ వారమే ఆర్థర్ గారి ఫ్లాట్‌కు వెళ్ళి ఇదంతా చెప్పాను. నివాసులకు ఇబ్బంది అని నేను రాసింది నిజానికి నా ఓపిక లేనితనమేనని, ఏ పేరైనా నాలుగుసార్లు అంటే నోటికి అలవాటవుతుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో నన్ను సామ్ అనేవాళ్ళు లేరు. ఆయన టీ కప్పు కింద పెట్టి ఒక్కటే అడిగారు.

"ఆ అమ్మాయి పేరేమిటి?"

"జ్యోత్స్న."

ఆయన పెదవులు కదిపి చూసుకున్నారు. రెండుసార్లు తప్పింది. "ఉండండి" అని చెయ్యెత్తి, మళ్ళీ మొదలుపెట్టారు.