సుగుణమ్మ టీచరు వేసుకున్న కోటు

ఎండలో ఆరుతున్న వడ్ల వాసన వ్యాను కిటికీలోంచి కొట్టగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఈ ఉదయం అల్లూరు దారిలో అదే జరిగింది. ముందు నలుగురు సైకిళ్ళ మీద పోతున్నారు. నెల్లూరు నుంచి వ్యాయామానికి వచ్చే రకం. ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బనీన్లు, బిగుతు నిక్కర్లు, నెత్తిన పుచ్చకాయ చెక్కల్లాంటి హెల్మెట్లు. నా వెనక కారాయన హారను మీద చెయ్యి తియ్యడం లేదు. చివరికి నా పక్కకొచ్చి, అద్దం దించి, "సర్కసోళ్ళకి రోడ్డు రాసిచ్చినారా అన్నా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

అలాంటి మాటలు ఒకప్పుడు మేము సుగుణమ్మ టీచరు మీద విసిరినవే. మా ఊరి చర్చి బడిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. లెక్క తప్పు చేస్తే కొట్టేది కాదు. ఎట్టా చేశావో చెప్పమనేది, చెప్పేదాకా వదిలేది కాదు. ఆ నిలదీత కంటే నాలుగు దెబ్బలు నయమనిపించేది. ఉద్యోగం అయిపోయాక, అరవై దాటిన వయసులో, రోజూ పొద్దున్నే సైకిలు మీద పక్క ఊళ్ళకు పోయి జబ్బుపడ్డవాళ్ళ దగ్గర ప్రార్థన చేసి వచ్చేది. తెల్ల చీర, దానిమీద రోడ్డు పనివాళ్ళు తొడుక్కునే నారింజరంగు కోటు, కొప్పు అడ్డం రావడంతో నుదుటి మీదికి జారిన హెల్మెట్. రొయ్యల మీదికి ఐసు కోసం ఎదురుచూస్తూ టీకొట్టు దగ్గర నిలబడే మా వ్యాను డ్రైవర్లకు ఆమె మంచి కాలక్షేపం. "అదిగో, తారు పొయ్యను వస్తుండాది!" అనేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఒకరోజు ఆమె విని సైకిలు దిగింది. "నవ్వుకోండి నాయనా. నవ్వినారంటే నన్ను చూసినట్టే గదా" అని మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది కోతల కాలంలో ఒకనాడు వ్యాను నిండా రొయ్యలు, ఐసు చాలినంత లేదు. సరుకు మెత్తబడితే నెల్లూరులో వెనక్కి పంపేస్తారు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్ళు పేర్చారు. మిగిలిన సగంలో, రాళ్ళ పక్కనే టీచరమ్మ సైకిలు. హారను కొట్టాను, జరగలేదు. మళ్ళీ కొట్టాను. వడ్ల మీదికి దిగితే ఈమె సొమ్మేం పోతుందని పళ్ళు నూరాను. నేనూ సేద్యం ఇంట్లో పుట్టినవాణ్ణే. ధాన్యానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాణ్ణి. నా చక్రం మాత్రం వడ్ల మీద పెట్టను, ఆమె చక్రం పెట్టాలి. దూరంగా ఎదురు బస్సు కనపడింది. అది వచ్చేలోపు ఆమెను దాటేద్దామని, పక్కనుంచే యాక్సిలేటరు తొక్కాను.

దాటాక అద్దంలో చూస్తే నారింజరంగు లేదు.

వ్యాను ఆపి వెనక్కి పరుగెత్తాను. చచ్చిపోయిందనే అనుకున్నాను. ఆమె వడ్లలో కూర్చుని ఉంది. హెల్మెట్ పగిలింది, ఎడమ మోచెయ్యి ఉండాల్సినట్టు లేదు. బస్సు డ్రైవరు దిగొచ్చి, "రాయి తగిలి పడినట్టుండాది ముసలామె" అన్నాడు. నేను అవునని తలాడించాను. ఆమె నా తల వైపే చూసింది.

కోవూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే అడిగింది. "రమణా, నేను కనపడలేదా?"

లేదు అనే మాట నోటిదాకా వచ్చింది. మింగాను.

"కనపడినారు టీచరమ్మా. హారను కొడితే జరుగుతారనుకున్నా."

నొప్పికి పెదవి కరుచుకుంది. తర్వాత మెల్లగా అంది. "మా ఆయన్ని ఇదే రోడ్డు మీద లారీ గుద్దింది. కనపడలేదన్నాడు ఆ డ్రైవరు. నేను నమ్మినా. అందుకే ఈ కోటు కొనుక్కున్నా. కనపడక గుద్దేవాళ్ళ కోసం ఇది వేసుకున్నా. కనపడినా మీదికొచ్చే వాళ్ళ కోసం ఏం వేసుకోవాల్రా?"

కోపంగా అనలేదు. బళ్ళో అడిగినట్టే, జవాబు కోసమే అడిగింది.

ఆ మోచెయ్యి మళ్ళీ తిన్నగా కాలేదు, ఆమె మళ్ళీ సైకిలెక్కలేదు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. టీకొట్టు దగ్గర నేనే చెప్పాను. ఆమె చనిపోయే వరకూ ఆదివారాలు వ్యానులో చర్చికి దిగబెట్టేవాణ్ణి. ఆ ప్రశ్న ఆమె మళ్ళీ అడగలేదు. అడుగుతుందేమోనని దారి పొడుగునా బిక్కుబిక్కుమంటూ ఉండేవాణ్ణి. అబద్ధమెందుకు, సైకిలు అడ్డమొస్తే నాకు ఇప్పటికీ విసుగొస్తుంది. వాళ్ళు ఏం తొడుక్కున్నారో చూసి నోటిదాకా వెటకారం కూడా వస్తుంది. సరిగ్గా అప్పుడే నాకు నేనంటే భయం వేస్తుంది.