పిన్ని వదులుకున్న మాట

పొద్దున్న హైదరాబాదు నుంచి మా ప్రచురణకర్త ఫోన్ చేసి, "అయిదో నియమం అవసరమాండీ? తీసేద్దామా?" అని అడిగారు. నేను ఆటలు తయారుచేస్తుంటాను. కంప్యూటరువి కావు, బల్ల చుట్టూ కూర్చుని, తలొక వేషం ఎంచుకుని, కథలో నడుస్తూ ఆడేవి. ఈ కొత్త ఆటలో మామూలు మాటలే మంత్రాలు. రోజూ వాడే మాట ఒకటి వదులుకుంటే అది మంత్రమై పనిచేస్తుంది. ఎంత కావలసిన మాటైతే అంత బలం. కాని వదులుకున్న మాటను ఆ కథ ముగిసేదాకా ఇంట్లోనైనా బజారులోనైనా మళ్ళీ పలకకూడదు. ఇదంతా నేను రాసిందే. అయిదో నియమం మాత్రం అమలాపురంలో మా భోజనాల బల్ల దగ్గర అమ్మా పిన్నీ తేల్చింది. తీయడానికి వీల్లేదన్నాను.

కిందటి వానాకాలం ఆటను పరీక్షించడానికి ముగ్గురు కావలసి వచ్చారు. మా వారున్నారు, మాతోనే ఉండే అమ్మ ఉంది. మూడో మనిషిగా అంబాజీపేటలో ఉన్న పిన్నిని పిలిచాను. అక్కడే చిక్కు. మా చెల్లెలి పెళ్ళి శుభలేఖలో పిన్నీ బాబాయిల పేర్లు పడలేదు. అచ్చులో పోయాయని అమ్మ, అసలు రాయించనే లేదని పిన్ని. అప్పటికి ఆరేళ్ళుగా అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. "నీ ఆటకి వస్తానమ్మా. మీ అమ్మతో మాటాడమని మాత్రం అనకు," అంది పిన్ని.

ఆటలో అమ్మ పడవ సరంగు, పిన్ని వైద్యుడు, మా వారు దొంగ. తమాషా ఏమిటంటే సరంగూ వైద్యుడూ గంటలకొద్దీ కబుర్లాడుకునేవారు. ఆట ఆపి పకోడీల పళ్ళెం తెచ్చేసరికి ఇద్దరి నోళ్ళూ మూతపడేవి. మా వారు మొదటి ఆదివారమే ఒక తాళం తీయడానికి "కాఫీ" అన్న మాట వదిలేసి, "ఆ వేడిది కాస్త ఇస్తావా" అంటూ తిరిగారు. హోటల్లో అలాగే అడిగితే పాలు తెచ్చారట, తాగి వచ్చారు. అమ్మ మాత్రం పిసినారి. నెలరోజుల్లో "జున్ను" తప్ప ఏదీ వదల్లేదు.

నాలుగో ఆదివారం కథలో వరదొచ్చి సరంగు పడవ తిరగబడింది. పాచికలు ఎన్నిసార్లు వేసినా అమ్మకి కలిసి రాలేదు. మునిగితే ఆమె ఆట అంతే. పిన్ని దగ్గర చిన్నాచితకా మాటలు అప్పటికే అయిపోయాయి. కిటికీలోంచి వాన చూస్తూ, "అక్క," అంది. "ఆ మాట వదిలేస్తున్నాను."

అమ్మ ఒప్పుకోలేదు. "చెల్లదు. అల్లుడుగారు కాఫీకి నోరు కట్టుకున్నారు. దీనికేం పోయింది? ఆరేళ్ళబట్టీ ఆ మాట అననే లేదు కదా," అంది నా వంకే చూస్తూ. మునుగుతున్నది తనే అయినా వాదన సబబే. ఆట నడిపేదాన్నిగా నేనూ కాదనే అనాలి.

"అనలేదని మీ అమ్మకెవరు చెప్పేరమ్మా?" పిన్ని కూడా నాతోనే అంది. "కంద బచ్చలి వండినప్పుడల్లా ఆవ ఎంత పెట్టాలో అడుగుదామని ఫోన్ తీస్తాను. 'అక్కా' అని నోటిదాకా వస్తుంది. పెట్టేస్తాను. పైకి వినపడితేనే మాటా ఏంటి?"

అమ్మ ఆట పటం మీద తన గుర్తుగా ఉన్న గవ్వను నీళ్ళలోంచి తీసి ఒడ్డున పెట్టుకుంది. "ఆయ్, చెల్లుతుంది. రాసుకో," అంది. లోపల అనుకున్న మాటా మాటే అన్న అయిదో నియమం అలా వచ్చింది.

దాంతో పిన్నికి కొత్త కష్టం. ఇప్పుడు మాట్లాడాలని ఉంది, పిలవడానికి లేదు. "ఇదిగో", "ఏవండోయ్" అని తంటాలు పడేది. నేను వేసవిదాకా సాగదీద్దామనుకున్న కథ అది. అంతవరకూ అడుగు తీసి అడుగు వేయని సరంగు ఒక్కసారిగా తెగించాడు. కథ చివర రావలసిన కోటలోకి ముందు దూకింది అమ్మే. దాచుకున్న మాటలన్నీ ఒక్క మధ్యాహ్నంలో గుమ్మరించింది: "పూజ", "సీరియల్", చివరికి "మోకాలు" కూడా. ఏడో ఆదివారానికి కథ అయిపోయింది. ఆటగా చూస్తే చెడ్డ ముగింపే. నోట్సులో అలాగే రాసుకున్నాను.

ఆటో ఎక్కబోతూ పిన్ని, "వెళ్ళొస్తానక్కా," అంది. అమ్మ "ఆయ్" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఆరేళ్ళూ ఎలా గడిచాయో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఆ చివరి మూడు వారాలు మాత్రం ఎంతకీ గడవలేదంటుంది.